మిక్సీ అరుస్తుంది, ఫ్రిజ్ గొణుగుతుంది: రెండింట్లోనూ మోటారే కదా, ఇంత తేడా ఎందుకు?

#1 వానచినుకు

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో ఉన్న సందేహం ఇది. వంటింట్లో మోటారుతో పనిచేసేవి ఎన్ని ఉన్నాయా అని మొన్న లెక్కపెట్టాను. మిక్సీ, ఫ్రిజ్, చిమ్నీ, మైక్రోవేవ్, హ్యాండ్ బ్లెండర్. ఐదింటికీ అదే కరెంటు. కానీ మిక్సీ వేస్తే పక్క గదిలో ఫోన్ మాట్లాడలేం. ఫ్రిజ్ నడుస్తోందో లేదో చెవి ఆనిస్తే గానీ తెలీదు. మిక్సీ ఐదు నిమిషాలు ఆపకుండా తిప్పితే కాలిపోతుందేమో అన్నంత వేడెక్కుతుంది. ఫ్రిజ్ మాత్రం ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. ఎందుకిలా?

ఇంకో విషయం. ఈమధ్య లైటు ఆపి ఉన్నప్పుడు మిక్సీ వేస్తే అడుగున గాలి సందుల్లోంచి నీలం మెరుపులు కనిపిస్తున్నాయి. ఇదివరకు ఉండేవో లేదో నేను గమనించలేదు. దానికి తోడు ఒక ఘాటైన వాసన. కొంచెం టెన్షన్‌గా ఉంది. వాడొచ్చా, ఆపేయాలా?

#2 రాగితీగ

వానచినుకు గారూ, ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్క చోటే ఉంది. ఆ మెరుపులు వస్తున్న చోటే.

నేను 26 ఏళ్లుగా మోటార్లకు వైండింగ్ చుడుతున్నాను. మిక్సీ విప్పితే నాకు కనిపించేది చెప్తాను. బయట కదలకుండా కూర్చునేది ఫీల్డ్. ఇనప రేకుల మధ్య రెండు రాగి కాయిళ్లు. లోపల తిరిగేది ఆర్మేచర్. దానికీ గాడి గాడికీ రాగి తీగ చుట్టి ఉంటుంది. తిరిగే ఆర్మేచర్‌లోకి కరెంటు పంపాలంటే తీగ కట్టలేం, మెలిపడి తెగిపోతుంది. అందుకే షాఫ్ట్ చివర చిన్న రాగి పలకలన్నీ పక్కపక్కన గుండ్రంగా పేర్చిన కమ్యుటేటర్ ఉంటుంది. పలకకీ పలకకీ మధ్య కరెంటు దాటనివ్వని సన్నటి మైకా. దాని మీద రెండు వైపుల నుంచి రెండు కార్బన్ బ్రష్షులు స్ప్రింగు బలంతో ఒరుసుకుంటూ ఉంటాయి. కరెంటు ఒక బ్రష్షులోంచి లోపలికి వెళ్లి రెండో దాంట్లోంచి బయటికి వస్తుంది.

పలక మారిన ప్రతిసారీ ఒక కాయిల్‌లో కరెంటు ఠక్కున దిశ మార్చుకోవాలి. కాయిల్ అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఆ మొరాయింపే బ్రష్షు వెనక అంచున చిన్న నీలి నిప్పురవ్వ అవుతుంది. మంచి మోటారులో కూడా కొద్దిగా ఉంటుంది. మీరు చెప్పిన ఘాటు వాసన ఆ రవ్వల దగ్గర గాలిలోని ఆక్సిజన్ ఓజోన్‌గా మారడం వల్ల. కాలిన వాసన వేరు, అది వచ్చిందంటే ఆ క్షణమే ప్లగ్గు పీకేయాలి.

బ్రష్షు దగ్గర సూది మొనంత రవ్వలైతే భయం లేదు. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు ఉంగరం తొడిగినట్టు మెరుస్తుంటే మాత్రం ఆపేయండి. అది ఆర్మేచర్‌లో కాయిల్ తెగినా, షార్టయినా కనిపించే గుర్తు. మీకు ఏది కనిపిస్తోంది?

#3 వానచినుకు

ఉంగరం లేదు సర్. రెండు వైపులా చుక్కల్లాగా, కానీ ఒక వైపు ఎక్కువ, రెండో వైపు తక్కువ.

#4 రాగితీగ

ఎక్కువ మెరిసే వైపు బ్రష్షు అరిగిపోయి స్ప్రింగు పట్టు తగ్గి ఉంటుంది. ప్లగ్గు తీసేసి ఆ బ్రష్షు బయటికి తీసి కొలవండి, మిగతాది తర్వాత చెప్తాను.

#5 మూడోబల్ల

నేను పాలిటెక్నిక్ చదువుతున్నాను. నాకో అనుమానం. మన కరెంటు ఏసీ కదా, సెకనుకి వంద సార్లు దిశ మారుతుంది. అలాంటప్పుడు మిక్సీ బ్లేడు ముందుకీ వెనక్కీ ఊగాలి. ఒకే వైపు ఎలా తిరుగుతోంది?

#6 రాగితీగ

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. మిక్సీలో ఫీల్డూ ఆర్మేచరూ ఒకే దారంలో పూసల్లాగా సిరీస్‌లో ఉంటాయి. ఒకదాంట్లో పారిన కరెంటే రెండో దాంట్లోనూ పారుతుంది. దిశ మారిందంటే ఫీల్డ్ అయస్కాంతం ధ్రువాలూ మారతాయి, ఆర్మేచర్ ధ్రువాలూ మారతాయి, రెండూ ఒకే క్షణంలో. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ వచ్చినట్టు, తోపుడు మళ్లీ అటువైపే. అందుకే ఈ మోటారు ఏసీ మీదా తిరుగుతుంది, డీసీ మీదా తిరుగుతుంది. దీన్ని యూనివర్సల్ మోటార్ అనడం అందుకే.

ప్లగ్గు అటుదిటు తిప్పి పెట్టినా అది వెనక్కి తిరగదు. తిరగాలంటే ఫీల్డుకీ ఆర్మేచరుకీ మధ్య ఉన్న కనెక్షన్ మార్చాలి.

#7 నీలికలువ

ఈ చివరి మాట నాకు రెండేళ్ల కిందట తెలిసుంటే ఎంత బాగుండేది! మా మిక్సీ కాలిపోతే రివైండింగ్‌కి ఇచ్చాం. తిరిగొచ్చాక మొదటి రోజే జార్ కింద టకటకమని చప్పుడు. ఇంకాసేపటికి పైన మోటారు షాఫ్ట్ మీద ఉండే కప్లర్ ఊడి చేతికొచ్చింది. బిగించాను. మళ్లీ ఊడింది. మూడుసార్లు అయ్యాక జార్ లేకుండా మెల్లగా తిప్పి చూశాను. కప్లర్ పక్కన చిన్న బాణం గుర్తు ఉంది, మోటారు దానికి ఎదురు తిరుగుతోంది! చేసినాయన్ని అడిగితే "అలా జరగదమ్మా" అన్నారు. ఇంకో చోట చూపిస్తే బ్రష్షుల తీగలు రెండూ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టారని తేలింది. మార్చడానికి ఐదు నిమిషాలు పట్టింది.

#8 రాగితీగ

అమ్మా, మీరు బాణం గుర్తు చూడటం చాలా మంచి పని. కప్లర్ మర ఎప్పుడూ మోటారు తిరిగేకొద్దీ బిగుసుకునే దిశలోనే కోస్తారు. ఎదురు తిరిగితే అదే మర విప్పేస్తుంది. ఇంకో నష్టం కూడా ఉంది. ఈ మోటార్లలో కాయిల్ కొసలు ఒక దిశకి తగ్గట్టు కొంచెం పక్కకి జరిపి కమ్యుటేటర్‌కి కలుపుతారు. ఎదురు తిప్పితే రవ్వలు బాగా ఎక్కువై బ్రష్షులు తొందరగా అయిపోతాయి. రివైండింగ్ చేయించుకున్న ఎవరైనా ఇంటికి తెచ్చాక మొట్టమొదట చూడాల్సింది తిరిగే దిశే.

#9 లెక్కలపంతులు

వానచినుకు గారు అడిగిన గోల సంగతి అలాగే ఉండిపోయింది. కాస్త లెక్క వేద్దాం.

మామూలు ఫ్రిజ్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు. దాని బయటి కాయిళ్లు తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. ఆ క్షేత్రం వేగం 120ని ఫ్రీక్వెన్సీతో గుణించి ధ్రువాల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 అలలు, ఒక్కో అలలో దిశ రెండుసార్లు మారుతుంది. ధ్రువాలు కనీసం రెండు ఉండాలి కాబట్టి, గరిష్ఠంగా నిమిషానికి 3000 చుట్లు. తల కిందులుగా తపస్సు చేసినా అంతకు మించదు. పైగా రోటరు, అంటే లోపల తిరిగే భాగం, ఆ క్షేత్రం వెంట పరుగెడుతుందే గానీ ఎన్నటికీ అందుకోదు. అందుకుంటే రోటరు దృష్టిలో క్షేత్రం కదలనట్టే. క్షేత్రం కదలకపోతే రోటరులో కరెంటు పుట్టదు, కరెంటు లేకపోతే తిప్పే బలం లేదు. అందుకే అసలు వేగం 2800, 2900 దగ్గర ఆగుతుంది. ఈ వెనకబాటునే స్లిప్ అంటారు. 1831లో ఫారడే గుర్తించిన ప్రేరణ సూత్రమే దీనికి ఊపిరి. టెస్లా దీన్ని మోటారుగా మలిచి పేటెంట్లు పొందింది 1888లో.

ఇప్పుడు మిక్సీ. ఖాళీగా తిరిగేటప్పుడు 18,000 నుంచి 20,000 చుట్లు మామూలే. 20,000ని 60తో భాగించండి, సెకనుకి 333 చుట్లు! యూనివర్సల్ మోటారుకి కరెంటు ఫ్రీక్వెన్సీ గొలుసు లేదు కాబట్టే ఇది సాధ్యం.

శక్తి అంటే తిప్పే బలాన్ని వేగంతో గుణించినది. వేగం ఏడు రెట్లు పెరిగితే అదే శక్తికి ఏడో వంతు బలం చాలు. బలం తక్కువ చాలితే ఇనుమూ రాగీ తక్కువ చాలు. ఒంటి చేత్తో పక్కకి జరపగలిగే మిక్సీలో 500, 750 వాట్ల మోటారు ఇమిడిందంటే కారణం ఇదే. అంత శక్తి ఇండక్షన్ మోటారుతో కావాలంటే అది చాలా పెద్దదీ, బరువైనదీ అవుతుంది.

#10 మూడోబల్ల

అంటే గోల అంతా వేగానిదేనా?

#11 లెక్కలపంతులు

చాలావరకు అవును. గోల మూడు చోట్ల పుడుతుంది. జార్ లోపల బ్లేడు, షాఫ్ట్ అడుగున చల్లబరిచే ఫ్యాను, కమ్యుటేటర్ మీద బ్రష్షుల ఒరిపిడి. మూడూ సెకనుకి వందల సార్లు గాలిని కొడుతున్నాయి.

ఆ ఫ్యాను సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. అది అడుగు సందుల నుంచి గాలి లాగుతుంది. మిక్సీ కింద మెత్తటి గుడ్డ పరిస్తే చప్పుడు తగ్గుతుందని కొందరు పరుస్తారు. గుడ్డ సందుల్ని మూసేస్తుంది, మోటారుకి ఊపిరాడదు. దయచేసి అలా చేయకండి.

#12 చల్లగాలి

ఫ్రిజ్ మెకానిక్‌ని. ఫ్రిజ్ నిశ్శబ్దానికి ఇంకో కారణం చెప్తాను. వెనక అడుగున నల్లటి కుండలాంటిది ఉంటుంది చూడండి, అదే కంప్రెసర్. మోటారూ పంపూ రెండూ ఆ కుండలోనే, చుట్టూ వెల్డింగ్ చేసి మూసేసి ఉంటాయి. లోపల స్ప్రింగుల మీద వేలాడుతుంటాయి. కింద నూనె. చల్లగా తిరిగొచ్చే గ్యాసు మోటారు పక్కనుంచే పోతూ దాని వేడిని తీసుకుపోతుంది. బ్రష్షులు లేవు, రవ్వలు లేవు, అరిగేది చాలా తక్కువ. అందుకే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆ గ్యాసులో, నూనెలో బ్రష్షుల మోటారు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

కానీ దీనికో బలహీనత ఉంది, దానంతటది బయల్దేరలేదు. ఒంటి ఫేజు కరెంటు దానంతటది తిరిగే క్షేత్రాన్ని ఇవ్వదు, అటూ ఇటూ కొట్టుకుంటుంది అంతే. అందుకని స్టార్టింగ్ వైండింగ్ అని రెండోది పెట్టి, మొదలయ్యేటప్పుడు మాత్రం దానికి కరెంటిచ్చి తోస్తాం. కరెంటు పోయి వెంటనే వచ్చిందనుకోండి. గ్యాసు పీడనం ఒక వైపు ఇంకా ఎక్కువగానే ఉంటుంది. మోటారు దాన్ని తోసుకుని లేవలేదు. ఊఁ అని మూలిగి, కొన్ని సెకన్లకు టిక్కుమని ఆగుతుంది. ఆ టిక్కు ఓవర్‌లోడ్ స్విచ్‌ది, మోటారును కాపాడుతోంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగితే పీడనం సర్దుకుంటుంది, అప్పుడు హాయిగా లేస్తుంది. కరెంటు వస్తూ పోతూ ఉంటే ఫ్రిజ్ ప్లగ్గు తీసి, నిలకడగా వచ్చాక పెట్టండి.

వోల్టేజీ తగ్గినప్పుడు కూడా రెంటికీ తేడా కనిపిస్తుంది. మిక్సీ కొంచెం నీరసంగా తిరుగుతుంది, అంతే. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే వోల్టేజీ సగమైతే బలం పావు. లేవలేని మోటారు కరెంటు గుంజుతూ వేడెక్కుతుంది.

#13 నీలికలువ

మిక్సీ అడుగున ఉండే ఎర్ర బటన్ కూడా ఇలాంటిదేనా?

#14 చల్లగాలి

అదే పనమ్మా. వేడెక్కినా, కరెంటు హద్దు మీరినా టప్పున తెగుతుంది. చల్లారాక నొక్కితే మళ్లీ కలుస్తుంది. వెంటవెంటనే తెగుతుంటే నొక్కుతూ పోకండి, కారణం వెతకండి.

#15 రాగితీగ

ఇక్కడే ఒక మాట. తిరుగుతున్న మోటారు తనలో తాను జనరేటర్‌లాగా కూడా పనిచేసి, వచ్చే కరెంటుకి ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. కరెంటుని అదుపులో ఉంచే వాటిలో అది ముఖ్యమైనది. జార్ నిండా కూరి బ్లేడు ఇరుక్కుపోయిందా, మోటారు ఆగిపోతుంది, ఎదురు వోల్టేజీ మాయం, కరెంటు చాలా రెట్లు పెరుగుతుంది. అదే సమయంలో ఫ్యాను కూడా ఆగింది కాబట్టి గాలి లేదు. మీకు వినిపించేది మ్మ్మ్ అని ఒక మూలుగు. నా దగ్గరికి వచ్చే కాలిన మిక్సీల్లో చాలా వాటి కథ ఆ కొన్ని సెకన్లలోనే అయిపోయింది. ఆ మూలుగు వినగానే స్విచ్ ఆపేయండి. "కాస్త ఆగితే అదే తిరుగుతుంది" అనుకోవద్దు.

స్పీడుల విషయం కూడా చెప్పాలి. మీటలో 1 నుంచి 3కి వెళ్తే కరెంటు పెంచుతున్నాం అనుకుంటాం. చాలా మిక్సీల్లో జరిగేది ఫీల్డ్ కాయిల్‌లో కొన్ని చుట్లను వదిలేయడం. చుట్లు తగ్గితే ఫీల్డ్ బలహీనపడుతుంది, అప్పుడు ఈ మోటారు వేగం పెంచుకుంటుంది. విన్నవాళ్లు మొదట నమ్మరు, ఎదురు వోల్టేజీ గుర్తు తెచ్చుకుంటే తెలుస్తుంది: ఫీల్డ్ బలహీనమైతే అంతే ఎదురు వోల్టేజీ పుట్టించడానికి ఎక్కువ వేగంగా తిరగాలి. 1లో పెట్టి బరువైన సరుకుని చాలాసేపు నలిపితే మోటారుకి మేలు చేస్తున్నామనుకుంటారు. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, వేడి బయటికి పోదు. మొదట 1లో బయల్దేరి, కదిలాక పైకి వెళ్లడమే మంచిది.

#16 తలుపుచాటు

నేను మా మిక్సీ కమ్యుటేటర్ గోధుమ రంగుకి తిరిగితే ఎమెరీ కాగితంతో రుద్ది తళతళలాడేలా చేశాను. రవ్వలు తగ్గాలి కదా, పెరిగాయి. ఎందుకో అర్థం కాలేదు.

#17 రాగితీగ

అయ్యో, ఆ గోధుమ రంగు పొర మీ మోటారు సంపాదించుకున్న ఆస్తి. గ్రాఫైటూ రాగి ఆక్సైడూ కలిసి కట్టిన పొర అది. బ్రష్షు నున్నగా జారడానికి అదే ఆధారం. కార్బన్ వాడేదే అందుకు. తనకు తానే కందెన అవుతుంది, రాగి కంటే మెత్తగా ఉండి రాగికి బదులు తాను అరుగుతుంది. పైగా ఎమెరీ పొడి పలకల మధ్య సందుల్లో దూరితే ఇంకో బెడద. రంగు సమానంగా ఉంటే ముట్టుకోవద్దు. గుంటలు పడితే లేత్ మీద సన్నగా కోయించి, పలకల మధ్య మైకాని కొంచెం లోపలికి గీయించాలి. మీరు ఇప్పుడు చేయాల్సింది మెత్తటి బ్రష్షుతో ఆ పొడి దులిపి, కొత్త కార్బన్లు వేసి, తక్కువ బరువుతో కొన్నాళ్లు నడపడం. పొర మళ్లీ కట్టుకుంటుంది.

#18 తలుపుచాటు

అలాగే చేస్తాను. చాలా థాంక్స్ అండీ.

#19 రాత్రిబడి

మైక్రోవేవ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మోటారు దాంట్లోనే ఉంది. లోపల గాజు పళ్లెం ఒకసారి కుడివైపు తిరుగుతుంది, ఇంకోసారి ఎడమవైపు. చాలామంది పాడైందనుకుంటారు. పాడవలేదు. పళ్లెం కింద ఉండేది అరచేతిలో ఇమిడే సింక్రనస్ మోటారు, అంటే వెనకబడకుండా కరెంటు అలలతో అడుగు కలిపి తిరిగేది. రోటరు శాశ్వత అయస్కాంతం. కరెంటు వచ్చిన క్షణంలో అలల ఏ భాగం దొరికితే అటు గెంతి బయల్దేరుతుంది. పళ్లెం ఎటు తిరిగినా ఫలితం ఒకటే కాబట్టి తయారుచేసినవాళ్లు దిశని పట్టించుకోలేదు. దాని పైన చిన్న పళ్ల చక్రాల వరస వేగాన్ని తగ్గించి పళ్లెం నిమిషానికి ఐదారు చుట్లు తిరిగేలా చేస్తుంది. ఈసారి మూడు నాలుగు సార్లు ఆపి వేసి చూడండి, దిశ మారడం మీకే కనిపిస్తుంది.

అదే మైక్రోవేవ్‌ని చల్లబరిచే ఫ్యానులో చాలాసార్లు షేడెడ్ పోల్ మోటారు ఉంటుంది. ధ్రువం ఒక మూలకి మందపాటి రాగి కడియం తొడుగుతారు. ఆ కడియం దగ్గర అయస్కాంత బలం కొంచెం ఆలస్యంగా పెరుగుతుంది, ఆ ఆలస్యమే క్షేత్రాన్ని ఒక వైపుకి ఊడ్చినట్టు కదుపుతుంది. సామర్థ్యం చాలా తక్కువ, కానీ బయల్దేరదీయడానికి కెపాసిటరూ వద్దు, స్విచ్చీ వద్దు.

#20 మూడోబల్ల

కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ అంటే ఏంటి? ఇన్వర్టర్ ఫ్రిజ్ అంటే అదేనా? ఇండక్షన్ స్టవ్‌లో కూడా మోటారు ఉంటుందా?

#21 రాత్రిబడి

స్టవ్‌లో తిప్పే పని లేదు, లోపల చిన్న ఫ్యాను తప్ప. పేరు ఒకటే కావడానికి కారణం సూత్రం ఒకటే కావడం. అక్కడ గిన్నె అడుగులో పుట్టిన కరెంటు గిన్నెను వేడి చేస్తుంది, ఇక్కడ రోటరులో పుట్టిన కరెంటు రోటరును తిప్పుతుంది.

బీఎల్‌డీసీ అంటే బ్రష్షులు లేని డీసీ మోటారు. రోటరు మీద శాశ్వత అయస్కాంతాలు, కాయిళ్లు బయట. ఏ కాయిల్‌కి ఎప్పుడు కరెంటివ్వాలో కమ్యుటేటర్ బదులు ట్రాన్సిస్టర్లు చూసుకుంటాయి. ముందు ఏసీని డీసీ చేసి, మళ్లీ కావలసిన ఫ్రీక్వెన్సీలో ముక్కలు చేసి పంపుతారు కాబట్టి పంతులుగారి 3000 హద్దు దీనికి లేదు. ఇన్వర్టర్ ఫ్రిజ్‌లో ఎక్కువగా ఉండేది ఇలాంటి మోటారే. పాత ఫ్రిజ్ పూర్తి వేగంతో నడిచి ఆగుతుంది, మళ్లీ నడుస్తుంది. ఇది అవసరాన్ని బట్టి మెల్లగా తిరుగుతూ ఉంటుంది, కరెంటు ఆదా, చప్పుడు తక్కువ. చిమ్నీల్లోనూ, కొన్ని మిక్సీల్లోనూ వస్తోంది. ఇబ్బంది ఏంటంటే పాడైతే చాలాసార్లు పోయేది మోటారు కాదు, లోపలి బోర్డు. దాన్ని బాగు చేసేవాళ్లు అన్ని చోట్లా దొరకరు.

#22 రాగితీగ

ఆ చివరి మాట నిజం. బ్రష్షులది నేను పది నిమిషాల్లో లేపుతాను. బోర్డు నా చేతిలో లేదు. అయినా బ్రష్షులు లేని మోటారే ముందుకెళ్తుందని నాకు తెలుసు, నేర్చుకుంటున్నాను.

#23 వానచినుకు

కొలిచాను సర్! ప్లగ్గు తీసి, గంట ఆగి, పక్కనున్న ప్లాస్టిక్ మూత మర విప్పాను. స్ప్రింగుతో సహా బ్రష్షు బయటికొచ్చింది. తక్కువ మెరిసే వైపుది 12 మిల్లీమీటర్లు ఉంది. ఎక్కువ మెరిసే వైపుది 5. దాని చివర ఒక మూల పెచ్చు ఊడి ఉంది, స్ప్రింగు కొస నల్లబడింది. వేలికి నల్లటి మెత్తటి పొడి అంటుకుంది, పెన్సిల్ ముల్లు నలిపినట్టు. టార్చ్ వేసి లోపలికి చూస్తే కమ్యుటేటర్ గోధుమ రంగులో సమానంగానే ఉంది. రుద్దలేదు!

#24 రాగితీగ

శభాష్. రెండూ కలిపే మార్చండి, ఒక్కటి మార్చొద్దు. పాతది చేత్తో పట్టుకెళ్లి అదే మందం, అదే వెడల్పు ఉన్నవి తీసుకోండి. గూటిలో వదులైతే ఊగి రవ్వలొస్తాయి, బిగుతైతే స్ప్రింగు కిందికి తోయలేదు. చివర కమ్యుటేటర్ గుండ్రానికి సరిపోయేలా వంపు తిరిగి ఉంటే ఆ వంపు సరైన దిశలో కూర్చునేలా పెట్టండి. వేశాక జార్ లేకుండా 1లో ఒకట్రెండు నిమిషాలు, తర్వాత చల్లారనిచ్చి మళ్లీ ఒకసారి.

#25 వానచినుకు

వేశాను. లైటు ఆపి చూశాను. మొదటి రోజు రెండు వైపులా రవ్వలు బాగానే కనిపించి గుండె గుభేల్మంది, కానీ మీరు చెప్పినట్టు మెల్లగా నడిపాను. ఇవాళ నాలుగో రోజు. రెండు వైపులా ఒకే కొలత, సూది మొనంత. ఘాటు వాసన లేదు. మైక్రోవేవ్ పళ్లెం కూడా చూశాను రాత్రిబడి గారూ, ఆరుసార్లు వేస్తే నాలుగుసార్లు ఎడమ, రెండుసార్లు కుడి. మా పాప ఇప్పుడు ప్రతిసారీ ఎటు తిరుగుతుందో ముందే చెప్పడానికి ప్రయత్నిస్తోంది.